రెండు రాజ్యాల ఎల్లలో చెరువు

(అనంతపురంలో వాతావరణ మార్పుపై జరిగిన సాయంకాల సభలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పగలంతా ఈ ఎండలో ఎవరి పనుల్లో వాళ్లు అలసిపోయి, సాయంత్రం వాతావరణ మార్పు గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. ముందు వరుసల్లో సేద్యం చేసే పెద్దలున్నారు, వెనక కళాశాల పిల్లలున్నారు. ఇద్దరికీ అందేలా చెప్పాలని నా ప్రయత్నం.

పోరుమామిళ్ల చెరువు దగ్గర మొదలుపెడతాను. కడప జిల్లాలో ఆ చెరువును 1369లో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పని చేశారని అక్కడి సంస్కృత శాసనం చెబుతుంది. నన్ను కట్టిపడేసింది ఆ అంకెలు కాదు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో చెక్కించారు. పన్నెండు అంగాల్లో ధర్మం తెలిసిన రాజు ఉన్నాడు, నీటి శాస్త్రం చదివిన పండితుడు ఉన్నాడు, గట్టి మట్టి ఉంది, పనితనం తెలిసిన కూలీల జట్టు ఉంది. రాజునూ పండితుణ్ణీ మట్టినీ కూలీనీ ఒకే వరుసలో నిలబెట్టిన శాసనం అది. ఇక దోషాలు చూడండి: కట్ట ఊరడం, నేల చవుడు కావడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీళ్లు చాలక ఆయకట్టు పెద్దది కావడం, నీళ్లు ఎక్కువై నేల చాలకపోవడం. ఇంకొకటి మిగిలింది. చెరువు రెండు రాజ్యాల ఎల్లలో ఉండడం.

మట్టికీ నీటికీ సంబంధించిన దోషాల మధ్య ఈ రాజకీయ దోషం ఎందుకు వచ్చిందో కొంచెం ఆలోచించండి. ఎల్లలో ఉన్న చెరువు నీళ్లు ఇద్దరివి, పూడిక మాత్రం ఎవరిదీ కాదు. తూము తిప్పడానికి ఇద్దరూ పోటీ పడతారు. కట్ట తెగినప్పుడు ఇద్దరూ ఎదుటివాడిని చూపిస్తారు. ఆరున్నర శతాబ్దాల కిందట మన సీమలో నీటి పని చేసినవాళ్లకు ఇది అనుభవంలో తెలుసు.

ఈ భూమి మీది గాలి దాదాపు రెండు వందల రాజ్యాల ఎల్లలో ఉన్న చెరువు. వాతావరణ మార్పు మీద గత నలభై ఏళ్లుగా నడుస్తున్న వాదాలన్నిటికీ మూలం ఈ దోషంలోనే ఉందని నా నమ్మకం. అందుకే శాస్త్రం తేల్చేసిన విషయాన్ని కూడా రాజకీయం తేలనివ్వడం లేదు. నేను ఈ సాయంత్రం మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రతి కరువుకూ ప్రతి వరదకూ పద్దు రాయండి. ఒక వైపు ఆకాశం చేసింది రాయండి, రెండో వైపు మనుషులు చేసింది రాయండి. ఈ రెండూ కలిపేసిన చోటల్లా మనం మోసపోతాం.

ఈ పద్దు మనకు కొత్త కాదు. 1876లో మొదలైన ధాత కరువు గురించి ఇక్కడి పెద్దలు తమ అవ్వాతాతల నోట వినే ఉంటారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, మనం బళ్లారిలో భాగం, 1882లో విడిపడ్డాం. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో చితికిపోయాయి. వానలు ఎందుకు తప్పాయో ఈనాడు మనకు తెలుసు. పసిఫిక్ సముద్రం మధ్య, తూర్పు భాగాలు వేడెక్కే ఎల్‌నినో ఆ ఏళ్లలో చాలా బలంగా వచ్చింది. మన రుతుపవనాలకూ దూర సముద్రాలకూ ఉన్న ఈ లంకెను పట్టుకోవడానికి దారి వేసినవాడు గిల్బర్ట్ వాకర్. ఆయన 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చి, వానలు ఎందుకు తప్పుతాయో తెలుసుకోవాలని ప్రపంచం నలుమూలల లెక్కలు తెప్పించి, ఏళ్ల తరబడి గుణించాడు. అంటే వాతావరణ శాస్త్రంలో ఒక పెద్ద అధ్యాయం మన దేశపు కరువుల నుంచి పుట్టింది. ఈ శాస్త్రం పడమటి దేశాల కుట్ర అని ఎవరైనా అంటే నాకు బాధ కలిగేది అందుకే.

అయితే పద్దులో రెండో వైపు ఏముంది? ఆ కరువు నడుస్తుండగానే మన దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి పోయింది. కరువు పనుల్లో రాళ్లు కొట్టేవాళ్లకు రోజుకు ఒక పౌను ధాన్యం విలువ, పైన ఒక అణా కూలి చాలునని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి నిర్ణయించాడు. పౌను అంటే అరకిలోకు తక్కువ. దినమంతా రాళ్లు కొట్టిన మనిషికి అది చాలుతుందా? వాన లేకపోవడం ఆకాశం పని. దక్షిణ భారతంలో లక్షల మంది చావడం పాలకుల పని. ఆనాటి పాలకులు ఈ రెండింటినీ కలిపేసి, దైవికం అని ఒకే మాట రాసుకున్నారు.

ఇప్పుడు శాస్త్రానికి వస్తాను. నేను నలభై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు నిలబడతాను, ఓపిక పట్టండి.

గొర్రెల కాపరి భుజం మీద ఉండే కంబళి మీకు తెలుసు. కంబళి తనంతట తాను వేడిని పుట్టించదు. మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. భూమికి గాలి అలాంటి కంబళి. ఎండ వెలుగు రూపంలో లోపలికి వస్తుంది. నేల వేడెక్కి, కంటికి కనబడని పరారుణ కిరణాలుగా ఆ వేడిని తిరిగి పంపుతుంది. గాలిలో అధిక భాగం నత్రజని, ఆమ్లజని. ఆ రెండూ ఈ కిరణాలను ఆపవు. ఆపేది నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేన్ వంటివి. బొగ్గుపులుసు వాయువు అంటే మా చిన్ననాటి పాఠ్యపుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్ పేరు. బొగ్గుకూ దానికీ ఉన్న చుట్టరికం ఆ పేరులోనే ఉంది గనుక నాకు ఆ మాటే ఇష్టం.

ఇది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. వాతావరణం భూమి వేడిని పట్టి ఉంచుతుందని ఫ్రాన్సులో ఫూరియే 1824లో రాశాడు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే మహిళ గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి, బొగ్గుపులుసు వాయువు ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కుతుందని చూపించింది. ఆమె పేరు నూరేళ్లకు పైగా ఎవరికీ పట్టలేదు, ఈ మధ్యనే వెలుగులోకి తెచ్చారు. ఆడపిల్లలు ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 1859లో జాన్ టిండాల్ ఏ వాయువు ఎంత వేడిని ఆపుతుందో కొలిచాడు. 1896లో స్వీడన్‌లో అరీనియస్, గాలిలో ఈ వాయువు రెట్టింపయితే భూమి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో చేత్తో లెక్క కట్టాడు. అప్పటికి కంప్యూటర్ లేదు, ఐక్యరాజ్యసమితి లేదు, సౌర ఫలకాలు అమ్మే సంస్థ ఒక్కటీ లేదు. అతనికి ఎవరి ప్రయోజనమూ కాపాడవలసిన అవసరం లేదు.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద ఈ వాయువును రోజూ కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. యంత్రయుగానికి ముందు 280 దగ్గర ఉండేదని మంచు పొరల్లో చిక్కుకున్న పాత గాలి బుడగలు చెబుతున్నాయి. పది లక్షల్లో నాలుగు వందల పాళ్లు ఏం చేస్తాయని కొందరు అడుగుతారు. కంబళిలో చలిని ఆపేది ఉన్ని, ఉన్ని మధ్య ఖాళీ ఎంత ఉందన్నది లెక్క కాదు. నత్రజని, ఆమ్లజని ఈ కిరణాల వరకు ఖాళీతో సమానం.

సరే, వాయువు పెరిగింది, అది మనం కాల్చిన బొగ్గు నుంచే వచ్చిందని ఎలా తెలుసు? మంచి ప్రశ్న. జవాబు కూడా అంత మంచిది. కార్బన్‌లో తేలికది, బరువైనది అని రకాలున్నాయి. మొక్కలు తేలిక రకాన్ని ఎక్కువ ఇష్టంగా తీసుకుంటాయి. బొగ్గు, చమురు కోట్ల ఏళ్ల కిందటి జీవం నుంచి ఏర్పడ్డాయి గనుక వాటిలో బరువైన రకం తక్కువ. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతున్న కొద్దీ అందులో బరువైన కార్బన్ పాలు తగ్గుతూ వస్తోంది. పాలలో నీళ్లు కలిపితే చిక్కదనం తగ్గి పట్టుబడినట్టు, గాలిలో కలిసింది ఏ సరుకో దాని గుర్తు పట్టిచ్చింది.

మరి సూర్యుడే వేడెక్కుతున్నాడేమో? అలా అయితే పైనుంచి కింది దాకా గాలి అంతా వేడెక్కాలి. కానీ కొలిస్తే, మనం ఉండే కింది పొర వేడెక్కుతోంది, దాని పైన ఉన్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కంబళి మందం పెరిగితే లోపల వెచ్చబడి, బయటి వైపు చల్లబడుతుంది. ఈ ఒక్క కొలత చాలు సూర్యుణ్ణి నిర్దోషిగా వదిలిపెట్టడానికి.

వీటన్నిటినీ కూర్చి చూడడానికి 1988లో ఐపీసీసీ అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. మనిషి ప్రభావం వల్ల భూమి వేడెక్కిందన్నది నిస్సందేహం అని 2021లో అది తేల్చి చెప్పింది. 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత యంత్రయుగం ముందుకన్నా ఒకటిన్నర డిగ్రీల పైన నమోదైంది. ఒక క్యాలెండర్ సంవత్సరం మొత్తంగా అలా కావడం అదే మొదటిసారి.

ఈ సంఘం తప్పు చేయలేదా? చేసింది. హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి కరిగిపోవచ్చని 2007 నివేదికలో ఒక చోట ఆధారం లేకుండా రాశారు. మన దేశంలో దాని మీద పెద్ద గొడవ జరిగింది. 2010 జనవరిలో ఆ సంఘం తప్పు ఒప్పుకుంది. నేను దీన్ని పిల్లలకు దాచకుండా చెబుతాను. తప్పు దొరికితే దిద్దుకునే పద్ధతి ఉన్నదాన్నే శాస్త్రం అంటాం. ఆ వాక్యం తప్పయినంత మాత్రాన హిమానీనదాలు కరగడం ఆగలేదు.

శాస్త్రంలో నిజంగా తేలనివి ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. వేడెక్కిన గాలి డిగ్రీకి సుమారు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరి పట్టుకోగలదు. అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 1950 నుంచి 2015 వరకు చూసి, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు మూడింతలయ్యాయని 2017లో చూపించింది. ఆ అంకెను తెచ్చి అనంతపురానికి అతికించడం తప్పు. మనది పడమటి కనుమల వానచాటు. ఈశాన్య రుతుపవనం మన దాకా వచ్చేసరికి అలసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే నేలలో వాన ఏటేటా ఎటూ ఊగుతుంది. ఆ ఊగులాటలో కొత్త పోకడ ఎంతో విడదీయడం కష్టం. ఎండ పెరగడం గురించి శాస్త్రం చెప్పినంత గట్టిగా మన ఊరి వాన గురించి చెప్పలేదు. ఈ తేడా తెలియని నాయకుడు ప్రతి దానికీ వాతావరణ మార్పు అంటాడు, తెలిసీ దాచేవాడు అంతా బూటకం అంటాడు.

ఇక రాజ్యాల సంగతి. ఇది త్వరగా చెబుతాను, ఎందుకంటే వాతావరణ మార్పు మీద దేశాలు జరిపిన సమావేశాల కథ పొడవు, ఫలితం పొట్టి. 1992లో రియోలో ఒప్పందం. అందరి బాధ్యతా ఉంది, కానీ అందరిదీ సమానం కాదు అన్న సూత్రం అక్కడ ఒప్పుకున్నారు. 1997లో క్యోటో. ధనిక దేశాలు ముందు ఈ వాయువులు తగ్గించాలన్నారు. ఆ క్యోటోకు కొన్ని నెలల ముందే, వర్ధమాన దేశాలకూ షరతులు లేని ఒప్పందం మాకు వద్దని అమెరికా సెనేట్ 95 ఓట్లతో తీర్మానించింది, వ్యతిరేకంగా ఒక్క ఓటు పడలేదు. 2009లో కోపెన్‌హేగెన్‌లో, 2020 నాటికి పేద దేశాలకు ఏడాదికి పది వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నారు. గడువు దాటిన రెండేళ్లకు గానీ ఆ అంకె చేరలేదు, చేరిన దాంట్లో అప్పులే ఎక్కువ. 2015లో పారిస్. అమెరికా అందులో చేరింది, బయటికి పోయింది, తిరిగి వచ్చింది, 2025 జనవరిలో మళ్లీ పోతానంది. 2024లో బాకూలో, 2035 నాటికి ఏడాదికి ముప్పై వేల కోట్ల డాలర్లన్నారు. సభాధ్యక్షుడు ఆమోదమైందని సుత్తి కొట్టాక భారత ప్రతినిధి లేచి, ఇది మాకు సమ్మతం కాదని చెప్పారు. ఆ మాట నాకు నచ్చింది. కట్ట తెగాక కూలి బేరం ఆడినట్టుంది ఆ వ్యవహారం.

మన దేశం వాదన ఏమిటి? యంత్రయుగం నుంచి గాలిలోకి వదిలిన బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతు ఒక్క అమెరికాది. మనది నాలుగు శాతం లోపే. ఇవాళ మొత్తంగా చూస్తే మనం మూడో స్థానంలో ఉన్నాం, కానీ తలకు లెక్కగడితే మనిషికి ఏడాదికి రెండు టన్నుల చుట్టూ, అమెరికాలో సుమారు పద్నాలుగు టన్నులు. 1991లోనే ఢిల్లీలో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఈ మాట అన్నారు: పేదవాడి వరిమడి నుంచి వచ్చే మీథేన్‌నూ ధనవంతుడి కారు పొగనూ ఒకే తక్కెడలో తూచవద్దు, ఒకటి బతుకు కోసం, ఇంకొకటి విలాసం కోసం. ముప్పై ఏళ్లు దాటినా ఆ వాదానికి ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. నేను ఆ వాదంతో పూర్తిగా ఏకీభవిస్తాను.

కానీ ఆ తక్కెడను ఢిల్లీ విమానాశ్రయంలో వదిలేసి రావడం నాకు సమ్మతం కాదు. ప్రపంచ సభలో మన తలసరి లెక్క తక్కువగా ఉండడానికి కారణం ఎవరు? కూడేరులోనో కంబదూరులోనో ఒక ఫ్యానూ రెండు దీపాలతో కాపురం చేసే అమ్మ. ఆమె తక్కువ కాల్చడం వల్లనే దేశానికి ఎక్కువ కాల్చే వాదన దొరికింది. అలా దొరికిన వెసులుబాటులో ఆమెకు ఎంత దక్కింది? దేశాల మధ్య న్యాయం అడిగే నోటితోనే జిల్లాల మధ్య, ఇళ్ల మధ్య న్యాయం కూడా అడగాలి.

మన సీమలోనే చూడండి. ముద్దనూరు దగ్గర కలమల్లలో 1994 నుంచి థర్మల్ కేంద్రం నడుస్తోంది, 1,650 మెగావాట్లు. అదే సీమలో గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సౌర కేంద్రం 2017లో వచ్చింది. నంబులపూలకుంటలో ఇంకొకటి ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల నుంచి ఉన్నాయి. పిన్నాపురంలో పగటి సౌర విద్యుత్తుతో నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే పెద్ద కేంద్రం కట్టారు. నేను సౌర విద్యుత్తు పక్షం. బొగ్గు తగ్గాలి, దానికి ఇంకో దారి లేదు. ఎండ మన సీమకు శాపం అనుకున్నాం, ఇప్పుడు అది సరుకైంది. కానీ బీడు అని ప్రభుత్వ రికార్డుల్లో రాసిన నేల నిజంగా బీడా? అక్కడ గొర్రెలు మేస్తాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డీ-పట్టా భూమిలో కంది, కొర్ర పండుతుంది. కంచె పడ్డాక కాపరి మంద ఎటు పోవాలో ఏ పత్రంలోనూ రాయలేదు. భూమి ఉన్నవాడికి కౌలు వస్తుంది, లేనివాడికి ఫలకాలు కడిగే పని వస్తే వస్తుంది.

కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిభూములు మీకు గుర్తుండే ఉంటాయి. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. నేను మా విద్యార్థులను తీసుకుపోయి, తెల్లవారుజామున గడ్డిలో కూర్చుని ఆ పక్షిని చూశాను. మనిషి నడుము దాకా వచ్చే పక్షి, మెడ నిటారుగా పెట్టి నడుస్తుంది. ఇప్పుడు అక్కడ అది కనబడదు. చుట్టూ గడ్డిభూమి సాగులోకి పోయింది. రాజస్థాన్, గుజరాత్‌లలో మిగిలిన కొద్దిపాటి పక్షులు విద్యుత్ తీగలకు తగిలి చస్తున్నాయని కేసు నడిచింది. ఆ కేసులోనే 2024 మార్చిలో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణల కింద పౌరుల హక్కు అని చెప్పింది. పక్షిని కాపాడడమూ, బొగ్గు నుంచి బయటపడడమూ రెండూ కావాలి, రెండూ ఒకదానికొకటి అడ్డు వస్తున్నాయి. దీనికి సులువైన తీర్పు ఉందని చెప్పేవాళ్లను నేను నమ్మను.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే విషయం. మన దగ్గర వాతావరణ మార్పును కాదనేవాళ్లు తక్కువ. దాన్ని సాకుగా వాడుకునేవాళ్లు ఎక్కువ.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి. పదుల సంఖ్యలో మనుషులు పోయారు, కార్తిక దీపాలు పెట్టడానికి గుడికి వెళ్లినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఊహించని వాన అన్నారు. వాన అసాధారణమే, దాన్ని ఆకాశం వైపు రాయండి. కానీ ఆ ప్రాజెక్టు గేట్లు అయిదు, వాటిలో ఒకటి తెరుచుకోలేదు. పైనున్న పింఛా కట్ట తెగింది. కింద ఊళ్లకు సకాలంలో హెచ్చరిక అందలేదు. గేటు తుప్పు పట్టడానికి భూతాపం కారణం కాదు. ఇది రెండో వైపు రాయాలి, ఎర్ర సిరాతో రాయాలి. ప్రపంచమంతా చేరి వాయువులు తగ్గించినా ఆ గేటు దానంతట అది తెరుచుకోదు. వానలు ఇంకా ముదురుతాయని శాస్త్రం హెచ్చరిస్తున్నప్పుడు గేటు బాగు చేయకపోవడం మరింత పెద్ద తప్పు. అంటే వాతావరణ మార్పు పాలకుల బాధ్యతను తగ్గించే విషయం కాదు, పెంచే విషయం.

2009 అక్టోబరులో కర్నూలు మునిగింది. ఆ ఏడు వానలు సరిగా లేక సెప్టెంబరు దాకా కరువు పనుల గురించి మాట్లాడుకున్నాం. వారం తిరక్కముందే శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, అది కట్టినప్పుడు లెక్కవేసిన గరిష్ఠ వరద 19 లక్షలు. కరువూ వరదా ఒకే ఏడు. 2022 అక్టోబరులో ఇదే మన అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు నీటిలో ఉన్నాయి. మీలో కొందరు ఆ రాత్రి పిల్లలను మిద్దెల మీదికి ఎక్కించుకున్నవాళ్లే. వంక వెడల్పు మీ తాతల నాడు ఎంత, ఇప్పుడు ఎంత? ఆ కొలత తీయడానికి ఏ ఐపీసీసీ అవసరం లేదు, ఒక గొలుసు చాలు.

బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు, గోవిందవాడ వైపు పోయినవాళ్లకు తెలుసు, పొలాల్లో ఇసుక దిబ్బలు. ఎడారి వస్తోందని పత్రికలు రాస్తాయి. ఆ ఇసుక హగరి నది పడకలోనిది. నది పారితే ఇసుక తడిసి ఉంటుంది. పైన కర్ణాటకలో 1907 నాటికే మారికణివె దగ్గర ఆనకట్ట కట్టారు, ఆ తర్వాత వాడకం పెరుగుతూ వచ్చింది, నది పారే ఏళ్లు తగ్గాయి. ఆషాఢం గాలి ఎండిన ఇసుకను ఎత్తి చేలల్లో పోస్తుంది. ఇక్కడ కూడా రెండు రాజ్యాల ఎల్ల కథే.

ఇక సేద్యం. మా అన్నది రాయదుర్గం వైపు పల్లె. ఒక ఏడు జూలైలో మంచి పదునులో వేరుశనగ వేశాడు. సరిగ్గా ఊడలు దిగే సమయానికి ముప్పై రెండు రోజులు చినుకు లేదు. కాయ పట్టలేదు, కట్టె మిగిలింది. బీమా కోసం పోతే, మీ మండల కేంద్రంలో వాన పడింది, యంత్రంలో నమోదైంది, మీకు పరిహారం రాదన్నారు. మండల కేంద్రం మా చేనికి పద్నాలుగు కిలోమీటర్లు. వాన ఎద్దు ఒక కొమ్ము మీద పడి రెండో కొమ్ము మీద పడదని మన పెద్దలు అనేవారు. ఆ సంస్థ పేరు చెప్పను. మా అన్న ఆ కాగితం చదివించుకుని, మడిచి, సందూకులో పెట్టాడు, ఇప్పటికీ ఉంది. ప్రపంచ సభల్లో నష్టపరిహార నిధి అని కోట్ల డాలర్లు మాట్లాడుకుంటున్నప్పుడు నాకు ఆ కాగితం గుర్తుకు వస్తుంది. వాన కొలిచే యంత్రం చేనికి ఎంత దూరంలో ఉందన్నది కూడా వాతావరణ విధానమే.

లక్షల ఎకరాల్లో ఒకే వేరుశనగ వేయడం ఆకాశం నిర్ణయం కాదు. కొర్ర, సజ్జ, కంది, అలసంద కలిపి వేసిన చేను ఒక వాన తప్పినా ఏదో ఒకటి ఇచ్చేది. ధర, నూనె మిల్లు, విత్తన సబ్సిడీ అన్నీ వేరుశనగ వైపు నెట్టాయి. బోర్లు వెయ్యి అడుగులకు పోయాయి, చీనీ తోటలు నిలువునా ఎండాయి. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం నడుస్తోంది, వాన రాకముందే రకరకాల విత్తనాలకు మట్టి, పేడ పట్టించి చల్లి, నేలను కప్పి ఉంచుతున్నారు. 2024లో దానికి పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. దిగుబడుల మీద అనుమానాలున్నాయి, పెట్టుబడి లేని సేద్యం అన్న మాటను జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లో ఆక్షేపించింది. ఆ వాదం జరగాలి, మన చేలల్లో జరగాలి, కొలతలతో జరగాలి. నా మట్టుకు నేను, జూన్ గాలికి పచ్చగా ఉన్న నేల చూసి సంతోషించాను. దాని పక్కనే దున్ని వదిలిన చేను దుమ్ము లేస్తూ ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలు అడగండి.

(శింగనమల వైపు నుంచి వచ్చిన ఒక రైతు అడిగారు: సార్, సౌర విద్యుత్తు వాళ్లు వచ్చి మా పన్నెండు ఎకరాలు ముప్పై ఏళ్లు కౌలుకు అడుగుతున్నారు. మీరు సౌర విద్యుత్తు పక్షం అన్నారు. ఇమ్మంటారా, వద్దంటారా?)

అన్నా, మీ భూమి విషయం నేను తేల్చకూడదు. కానీ అడగవలసినవి చెబుతాను. కౌలు ఏడాదికి ఎంత శాతం పెరుగుతుందో రాసి ఉందా చూడండి, ముప్పై ఏళ్ల తర్వాత ఇవాళ్టి రూపాయి రూపాయిగా ఉండదు. ఆ పత్రం చూపించి వాళ్లు బ్యాంకులో అప్పు తెస్తే మీ భూమికి చిక్కు వస్తుందా అడగండి. కంపెనీ చేతులు మారితే మీకు డబ్బు ఇవ్వవలసింది ఎవరో పేరుతో రాయించండి. గడువు తీరాక ఇనుప స్తంభాలు, కాంక్రీటు ఎవరు పీకి తీసుకుపోవాలో రాయించండి. ఫలకాల కింద గడ్డి పెరుగుతుంది, గొర్రెలను లోపలికి రానిస్తారా అడగండి, కొన్ని దేశాల్లో రానిస్తున్నారు. మీ చేలో కూలికి వచ్చే ఇళ్లు ఎన్ని? వాళ్లతో కూడా ఒకసారి కూర్చుని మాట్లాడండి. పన్నెండు ఎకరాల్లో రెండు మీ దగ్గరే ఉంచుకోవడం కుదురుతుందేమో ఆలోచించండి.

పత్రం ఇంగ్లిషులో ఉందా? అయితే సంతకం పెట్టకుండా తీసుకురండి. ఆదివారం పొద్దున నేను ఇంట్లోనే ఉంటాను. చట్టం తెలిసిన నా పాత విద్యార్థి ఒకరిని కూడా పిలుస్తాను, ముగ్గురం కూర్చుని వరుస వరుసా చదువుదాం.